మూడో గాడిలో పసుపు

ఫిజీ సంగతులు మీకు చాలాసార్లు చెప్పాను. మిల్లులో కరిగిన లోహం పేలిన రోజు గురించి మరీ ఎక్కువసార్లు చెప్పాను. కంచరి సింహాచలాన్ని భుజాన వేసుకుని నేను బయటికి పరుగెత్తానని చెప్పాను. అది నిజమే. ఎందుకు పేలిందని మీరు అడిగినప్పుడల్లా, "ఆయన గరిటె తడిగా ఉండి ఉంటుంది" అన్నాను. అది అబద్ధం. గరిటె పొడిగా ఉంది. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు.

వరసగా రాస్తాను. పలటనులో మాకు నేర్పింది అదే. చూసింది చూసినట్టు, గంటతో సహా.

గిర్మిట్ అనే కూలీ ఒప్పందం మీద సంతకం చేయకముందు నేను ఆరేళ్ళు సిపాయిని. తుపాకీ కంటే సుత్తి ఎక్కువ పట్టిన సిపాయిని. బర్మా కొండల్లో వంతెనలు వేసే తుకడీ మాది. పలటను వదిలాక ఊళ్ళో పని దొరకలేదు. విశాఖపట్నంలో కూలీలను ఎక్కించే మనిషి "అయిదేళ్ళు, తిండి, గది" అన్నాడు. నాకు అది ఇంకో పోస్టింగులా వినిపించింది. అలాగే వెళ్ళాను.

ఫిజీలో లంబాసా రేవులో దిగేసరికి ఉదయం ఎనిమిది. వాన లేదు. గాలి ఉప్పగా ఉంది. నది ఒడ్డున మడచెట్లు, మోకాలి లోతు నల్లబురద. దాటాక చెరుకు. ఎటు చూసినా చెరుకే, దాని వెనక పొడిగా ఎర్రటి కొండలు. మాకు ఇచ్చిన సామాను: ఒక కంబళి, ఒక రేకు పళ్ళెం, ఒక లోటా, మెడలో నంబరు బిళ్ళ. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గదిలో ముగ్గురం. గోడలు పైదాకా లేవు. పక్క గదిలో ఎవరు దగ్గినా లెక్క తెలిసేది. బర్మాలో డేరాలు ఇంతకంటే పెద్దవి.

రెండో రోజు వరసలో నిలబెట్టారు. కూలీల మీద మేస్త్రీని సర్దార్ అంటారు. మా సర్దార్ ఉత్తరాది మనిషి, గొంతు పెద్దది. "కామ్ జాన్తా? లోహా కా కామ్?" అని, ఇనుప పని ఎవరికి తెలుసని అడుగుతూ వచ్చాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. నా పక్కనున్న పొట్టి మనిషి కూడా వేశాడు. ఆయనే సింహాచలం. విజయనగరం అవతల కంచర్ల వీధి మనిషి. తాతల నాటి నుంచి ఇత్తడి బిందెలు, గుడి గంటలు పోసిన ఇల్లు. అన్నదమ్ముల మధ్య ఏదో మాటామాటా వచ్చి, పెళ్ళాన్ని తీసుకుని ఓడ ఎక్కేశాడు. మేం ఒకే ఓడలో వచ్చినవాళ్ళం. జహాజీలం. అక్కడ జహాజీ అంటే తోడబుట్టినవాడి కంటే ఒక పిసరు ఎక్కువే.

మా ఇద్దరినీ మిల్లు రిపేరు షెడ్డుకి పంపారు. మిగతావాళ్ళు చెరుకు పొలానికి వెళ్ళారు. అదృష్టం అనుకున్నాం.

ఆ పని ఏమిటో మీకు చెప్పాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. చెరుకు పిండే మిల్లుని పెద్ద ఆవిరి ఇంజను తిప్పుతుంది. ఇంజను ఇరుసు ఇనుప గిన్నెల్లో కూర్చుని తిరుగుతుంది. బేరింగులంటారు. ఇనుము మీద ఇనుము తిరిగితే రెండూ పాడైపోతాయి. అందుకని గిన్నె లోపల తగరం కలిసిన మెత్తటి తెల్లలోహం పూతలాగా పోస్తారు. అరిగేది ఆ పూతే, ఇరుసు కాదు. అరిగినప్పుడల్లా పాతది కరిగించి తీసేసి కొత్తది పోయాలి. గిన్నె లోపల ఆరు గాడులు ఉంటాయి. లోహం వాటిలోకి దిగి పట్టుకుంటుంది. మధ్యలో ఇరుసంత లావు ఇనుప దిమ్మ నిలబెట్టి, అంచులు మట్టితో మూసి, పై సందులోంచి ఒకే ధారగా పోయాలి. ధార తెగితే పొర విడిపోతుంది.

సింహాచలం ఆ తెల్లలోహాన్ని అంతకుముందు చూడలేదు. రెండు వారాల్లో ఇంజనీరు దొరకంటే బాగా పోశాడు. ఎండు పుల్ల లోహంలో ముంచి, అది ఎంత నల్లబడిందో చూసి వేడి చెప్పేవాడు. దిమ్మకి లోహం అంటుకోకుండా దీపం మసి పట్టించేవాడు. దొర గడియారం పెట్టుకుని చూసేవాడు. ఈయన పుల్ల చూసేవాడు. ఈయన మాటే నెగ్గేది.

పొయ్యి నాది. ఆరబెట్టే డ్యూటీ నాది. గిన్నెని బొగ్గుల మీద పెట్టి తడి చుక్క లేకుండా చేయాలి. దానికి సింహాచలం ఒక పరీక్ష నేర్పాడు. చల్లటి నున్నటి ఇనుపరేకు గిన్నె మీద పట్టాలి. రేకు మీద మసకలాగా చెమ్మ పడితే ఇంకా ఆరలేదు. పడకపోతే ఆరింది. పోసే ముందు ఆయన తల ఎత్తకుండా ఒక్క మాట అడిగేవాడు.

"ఆరిందేటి?"

"ఆరింది."

అప్పుడు గరిటె ఎత్తేవాడు. రెండేళ్ళకు పైగా అదే మాట. ఎన్ని పోతలో లెక్క లేదు. నా రిపోర్టు మీద ఆయన ఎప్పుడూ రెండోసారి చూడలేదు.

మూడో ఏడు దసరా వచ్చింది. చెరుకు జోరుగా నడిచే కాలం. మిల్లుకి సెలవు లేదు. మహర్నవమి రోజు పొద్దున్న అయిదూ ఇరవైకి పెద్ద బేరింగు పొగ వేసింది. ఆరింటికి ఇంజను ఆపారు. నది మీద చెరుకు పడవలు వరసగా ఆగిపోయాయి. కోసిన చెరుకు ఎండలో పులుస్తుంది. దొర వచ్చి నాలుగు వేళ్ళు చూపించాడు. సాయంత్రం నాలుగింటికి ఇంజను తిరగాలి.

పలటనులో నవమి రోజు ఆయుధపూజ తప్పదు. తుపాకీ, పార, సుత్తి అన్నిటికీ పసుపు, కుంకుమ. బర్మాలో ఒక ఏడు కొండ ఎక్కుతూ ఉండి పూజ చేయలేకపోయాం. నెల తిరక్కుండా మా తుకడీలో ఇద్దరు పోయారు. ఒకడు నా పక్క మంచం. పూజ తప్పినందుకే అని నాకు గట్టి నమ్మకం. ఎవరు ఎన్ని చెప్పినా అది కదల్లేదు.

అందుకని ఆ పొద్దున్న లైన్లలోంచి, అంటే మా కూలీ గదుల వరసల్లోంచి, బయలుదేరేటప్పుడు సింహాచలం భార్య నరసమ్మని అడిగాను. "చెల్లెమ్మా, కాస్త పసుపు ముద్ద చేసివ్వు."

"ఎందుకన్నా?"

"ఆయుధపూజ."

ఆమె నవ్వింది. "నీ ఆయుధాలేటి, సీపురేటి?" అంటూనే నూరి, అరటాకు ముక్కలో చుట్టి ఇచ్చింది. "మీ బావకి కూడా బొట్టెట్టు. ఈ దేశంలో ఆ దేవుడు తప్ప మనకి సూసుకునేవోడు లేడు."

షెడ్డులో ఆ ఆకు చూసి సింహాచలం తల అడ్డంగా ఊపాడు.

"సిపాయీ, అది బయటెట్టు. మా ఇంట్లో పూజ ముందు రోజే సేసేస్తారు. పోత కాడికి తడి రాకూడదు. మా అయ్య ఉమ్మినా ఊరుకునేవోడు కాదు."

"నవమి రోజు పనిముట్టుకి బొట్టు లేకపోతే ఎలా బావా?"

"దండం ఎట్టు. దండానికి తడుంటాదేటి?"

షెడ్డులో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ఆకు మాత్రం బయట పెట్టలేదు. తలపాగాలో దోపుకున్నాను.

పదకొండింటికి పాత లోహం కరిగించి తీశాం. గాడులు గీకి శుభ్రం చేశాం. పన్నెండున్నర నుంచి గిన్నె బొగ్గుల మీద ఉంది. ఒంటిగంటా ఇరవై అయిదుకి రేకు పట్టాను. చెమ్మ లేదు. రెండోసారి పట్టాను. లేదు. గిన్నె దింపి దిమ్మ పీట మీద పెట్టాను. సింహాచలం దిమ్మకి మసి పట్టించడానికి అవతలి గోడ దగ్గరికి వెళ్ళాడు. వీపు నా వైపు. సర్దార్ గుమ్మం దగ్గర పడవల వైపు చూస్తున్నాడు.

రెండు నిమిషాలు.

పసుపు ముద్ద తీశాను. గిన్నె బయట పెడితే కనపడుతుంది. లోపల పెడితే ఎవరికీ కనపడదు, లోహం కింద భద్రంగా ఉంటుంది, ఇంజను తిరిగినన్నాళ్ళూ కాపాడుతుంది. అలా ఆలోచించాను. ఎడమ నుంచి మూడో గాడిలో బొటనవేలితో నొక్కాను. చుర్రుమంది. వేలు కాలింది. కొంచెం ఆవిరి లేచింది. పై పొర వెంటనే ఎండి పగిలింది. తడి పోయిందనుకున్నాను. గోరింత మందాన లోపల ఇంకా పచ్చిగా ఉంటుందని తోచలేదు. తోచలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ చప్పుడు విన్నాను కదా. విన్నవాడికి తోచకపోవడం ఏమిటి?

సింహాచలం వచ్చాడు. దిమ్మ నిలబెట్టాం. అంచులు మూశాం. ఆయన పుల్ల ముంచి చూశాడు. గరిటెని మంట మీద మూడుసార్లు తిప్పాడు. ఎప్పుడూ మూడుసార్లు తిప్పుతాడు. ఆ మూడూ నేను చూశాను.

ఒంటిగంటా నలభై.

"ఆరిందేటి?"

"ఆరింది."

ఆయన వంగి పోశాడు.

నాకు చప్పుడు గుర్తు లేదు. తెల్లటిది ఒకటి పైకి లేచింది. చెట్టులాగా. తరవాత చెవుల్లో హోరు. షెడ్డు రేకుల మీద చినుకులు పడ్డట్టు టపటపలు. వాన పడుతోందనుకున్నాను. అవి లోహపు చుక్కలు. నా చొక్కా చేతికి నిప్పు అంటుకుంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. అది నా చెయ్యి అని తెలియడానికి కొంత సేపు పట్టింది.

సింహాచలం మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. సమంగా పట్టుకుని ఉన్నాడు, ఒలకకుండా. మొహం నా వైపు తిప్పాడు. రెండు కనురెప్పల మీదా లోహం గడ్డకట్టింది. తళతళలాడుతోంది. మన ఊళ్ళో కళ్ళ జబ్బు తగ్గితే అమ్మవారికి వెండి కళ్ళు చేయించి ఇస్తారు చూడండి. అలా ఉన్నాయి. ఆయన అరవలేదు. మామూలు గొంతుతో అడిగాడు.

"దీపం ఎవుడు ఆర్పీసినాడు?"

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. గుమ్మంలోంచి ఎండ నేరుగా ఆయన మీద పడుతోంది.

ఎత్తుకుని పరుగెత్తాను. పట్టాల మీద చెరుకు బండి ఉంటే ఖాళీ చేయించి పడుకోబెట్టాను. కొబ్బరినూనె పోశాను. బండి ఆస్పత్రి వైపు వెళ్ళిపోయింది. ఇంతవరకు మీకు చెప్పాను. తరవాతిది చెప్పలేదు.

వెనక్కి షెడ్డులోకి వచ్చాను. సర్దార్ దొర కోసం వెళ్ళాడు, మిగతావాళ్ళు బండి వెంట వెళ్ళారు. గిన్నెలో లోహం సగం ఎగిరిపోయింది. మూడో గాడి దగ్గర గుల్లగా ఉంది. గుల్ల అడుగున నల్లగా మాడిన ముద్ద, దాని చుట్టూ సన్నగా పసుపుపచ్చ గీత. నా చేతిలోకి గీకుడు ఉలి ఎలా వచ్చిందో తెలియదు. గీకాను. పొడి అరచేతిలో పట్టి బొగ్గుల్లో వేశాను. చేతులు వణకలేదు. ఆ సంగతే నాకు ఈరోజుకీ భయం.

దొర, సర్దార్ వచ్చారు. సర్దార్ అడిగాడు. "సుఖాయా కౌన్? ఎవరు ఆరబెట్టారు?"

"నేనే. ఆరింది. రెండుసార్లు రేకు పట్టి చూశాను." అక్కడ ఆపి ఉండొచ్చు. ఆపలేదు. "గరిటె సంగతి నాకు తెలీదు."

సర్దార్ దాన్ని దొరకి చెప్పాడు. దొర తల ఊపి, పుస్తకంలో రాసుకున్నాడు. పోసినవాడి అజాగ్రత్త. నేను మనిషిని చంపే యుద్ధం చూసినవాణ్ణి. ఒక మాట అంత తేలిగ్గా మనిషిని ముంచడం మాత్రం అదే మొదటిసారి చూడడం.

నలభై రోజులకి ఆయన ఆస్పత్రి నుంచి వచ్చాడు. రెండు కళ్ళూ లేవు. అజాగ్రత్త తనదే అని రాశారు కాబట్టి మిల్లులో కూర్చుని చేసే పని కూడా ఇవ్వలేదు. నరసమ్మని చెరుకు పొలానికి పంపారు. సర్దార్ ఒకడి చేత మన దేశానికి ఉత్తరం రాయించాడు: పోతలో పొరపాటు చేసి కళ్ళు పోగొట్టుకున్నాడు అని. అది ఆయన అన్నకి చేరింది. నేను రోజూ వాళ్ళ గదికి వెళ్ళి నీళ్ళు మోశాను, కట్టెలు కొట్టాను. లైన్లలో నన్ను మెచ్చుకున్నారు. జహాజీ అంటే సిపాయిలా ఉండాలన్నారు. సింహాచలం గుమ్మంలో కూర్చుని ఖాళీ చేతులు తిప్పుతూ ఉండేవాడు. మూడుసార్లు. గరిటె తిప్పినట్టు.

"మూడుసార్లు తిప్పినానా సిపాయీ, రెండేటి?" అని అడిగేవాడు.

"గుర్తు లేదు బావా" అనేవాణ్ణి.

గిర్మిట్ అయిదేళ్ళు అయిపోగానే బా అనే ఊరికి వెళ్ళిపోయాను. అక్కడ మిల్లులో ఇంకో అయిదేళ్ళు. పోతల దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. పదేళ్ళు నిండాక దేశానికి ఓడ ఇచ్చారు. ఓడ సువాలో ఎక్కాలి. దానికి పదిహేను రోజుల ముందు చిన్న స్టీమరు పట్టుకుని లంబాసా వెళ్ళాను. సింహాచలం వాళ్ళు వునిమోలిలో కౌలు నేల తీసుకుని చెరుకు వేస్తున్నారని విన్నాను.

ఉదయం తొమ్మిదింటికి చేరాను. తడికె ఇల్లు, ముందు వరండా. ఆయన కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. నా అడుగు చప్పుడుకే తల ఎత్తాడు.

"సిపాయి నడకలాగుంది. ఎడమ కాలు గట్టిగా ఏస్తాడు."

నరసమ్మ పరుగెత్తుకు వచ్చింది. జుట్టు నెరిసింది. యంగోనా, అక్కడివాళ్ళు తాగే వేరు పొడి నీళ్ళు, కలిపి కొబ్బరి చిప్పలో ఇచ్చింది. బియ్యం పొయ్యి మీద పెట్టింది. "అన్నా, దేశమెల్లిపోతున్నావంట. మా బావగారిని, ఈయన అన్నని, ఓపాలి సూడు" అంది. తరవాత గొంతు తగ్గించి, ఆయన వినేటట్టే, "ఈయన సేతుల్ని నాను తిట్టని రోజు లేదన్నా. తాతల నాటి పని, ఒక్క గరిటె ఆరబెట్టుకోలేకపోనాడు" అంది. సింహాచలం నవ్వాడు. అలవాటైన నవ్వు.

చిప్ప కింద పెట్టాను. నిలబడ్డాను. కూర్చుని చెప్పలేకపోయాను.

"గరిటె పొడిగా ఉంది. మూడుసార్లు తిప్పావు. నేను చూశాను. తడి నేను పెట్టాను. గాడిలో పసుపు ముద్ద పెట్టాను."

తాడు పేనే చేతులు ఆగాయి.

నరసమ్మ నా వైపు చూసింది. "నానిచ్చిన పసుపా?"

"అవునమ్మా."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఉడుకుతున్న అన్నం దింపి, అలాగే గుడ్డతో పట్టుకుని పెరట్లోకి నడిచి వెళ్ళింది. తిరిగి రాలేదు.

సింహాచలం అడిగాడు. "ఏ గాడి?"

"ఎడమ నుంచి మూడోది."

"మూడోదే." ఆయన తల నెమ్మదిగా ఊపాడు. "అక్కడి నుంచే లేసింది. మొహం ఆపక్కనే ఉంది నాకు. మట్టిలో తడేమో అనుకున్నాను. గరిటేమో అనుకున్నాను. మట్టి, గరిటె, మట్టి, గరిటె. ఏడేళ్ళు." చేతులు రెండూ ముందుకు చాపి, అరచేతులు పైకి తిప్పి, కళ్ళుంటే చూసుకునేవాడిలా మొహం వాటి మీదికి వంచాడు. "ఇయి సెయ్యలేదన్నమాట."

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు కాదు. నాకు సెప్పీసినావు, అయిపోనాది. మా అన్నకి సెప్పు. కంచర్ల ఈదిలో నిలబడి సెప్పు. మా ఇంట్లో పోత తప్పినోడు లేడు, నాను తప్ప. ఆ మాట తీసీ."

"చెప్తాను బావా."

"బావా అనకు" అన్నాడు. గట్టిగా అనలేదు. "ఎల్లు."

ఓడ ఎక్కాను. మద్రాసులో దిగాను. ఇంటికి వచ్చాను. మీరందరూ చుట్టూ చేరారు. ఫిజీ కబుర్లు అడిగారు. పేలిన రోజు గురించి అడిగారు. నేను మీకు పాత కథే చెప్పాను. ఎందుకో రాయడానికి నాకు మాట దొరకడం లేదు. ఆయన ఇచ్చింది ఒకే ఒక ఆర్డరు. కంచర్ల వీధి ఇక్కడికి ఒక పూట నడక. ఆరేళ్ళు నడవలేదు.

ఈ దసరాకి నడిచాను. నవమికి ముందు రోజు, పగలు పదకొండు గంటలు. వాళ్ళ ఇల్లు అడగక్కర్లేదు, తిత్తి చప్పుడే చెప్పింది. అన్నగారు ముసలాయన అయ్యాడు. అదే పొట్టి ఆకారం, అవే చేతులు. కొడుకులూ అల్లుడూ కలిసి గుడి గంటకి పోత సిద్ధం చేస్తున్నారు. గుమ్మంలో నిలబడ్డాను. ఎవరూ నన్ను చూడలేదు. మూసలో కంచు ఎర్రగా ఉడుకుతోంది. ముసలాయన గరిటెని మంట మీద తిప్పాడు. ఒకటి. రెండు. మూడు. తల ఎత్తకుండా అల్లుణ్ణి అడిగాడు.

"ఆరిందేటి?"

ఒక అడుగు వెనక్కి వేశాను. వీపుకి గుమ్మం తగిలింది. వునిమోలి వరండా, షెడ్డులో ఎండ, ఆ రెండు వెండి రెప్పలు, అన్నీ ఒక్కసారి ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. అల్లుడు నోరు తెరిచేలోపు నేనే అన్నాను.

"ఆరలేదు."

అందరూ తిరిగారు. ముసలాయన గరిటె దింపాడు.

"అయ్యా, ఫిజీలో ఆ రోజు ఆరలేదు. మీ తమ్ముడు నన్ను అడిగాడు. నేను ఆరిందన్నాను. తడి పెట్టిందీ నేనే, లేదన్నదీ నేనే, ఆయన మీద వేసిందీ నేనే. సింహాచలం చెయ్యి తప్పలేదు. గరిటె మూడుసార్లు తిప్పాడు. నన్ను క్షమించమని అడగడానికి రాలేదు. ఆ మాట ఆయన మీంచి తీసి నా మీద వేసుకోవడానికి వచ్చాను."